తొలిచూలు దంపతుల దినచర్య: సీమంత సంస్కారం నేర్పే పాఠం



మన ఆలయానికి వచ్చే యాత్రికులలో కొత్తగా పెళ్ళయి, తొలి బిడ్డ కోసం ఎదురుచూస్తున్న జంటలు ప్రతి మాసమూ కనిపిస్తూనే ఉంటాయి. వారు అర్చకస్వాములను అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకే తీరున ఉంటాయి. సీమంతం ఏ నెలలో చేయాలి? ఉపవాసం ఉండవచ్చునా? కొండ ఎక్కవచ్చునా? భర్త కొబ్బరికాయ కొట్టవచ్చునా? ముప్పై ఏళ్ళు తెలుగు పండితునిగా పనిచేసి, గృహ్యసూత్రాలనూ ధర్మశాస్త్రాలనూ కొంత పరిశీలించినవాడను కనుక, ఈ విషయంలో గ్రంథాలు ఏమి చెబుతున్నాయో, మన గోదావరి జిల్లాల ఇళ్ళలో పెద్దలు ఏమి పాటిస్తున్నారో ఈ పాఠంలో వివరిస్తాను.

షోడశ సంస్కారాలలో మొదటి మూడు బిడ్డ భూమిమీద పడకముందే జరుగుతాయి. అవి గర్భాధానం, పుంసవనం, సీమంతోన్నయనం. మనిషి జీవితం పుట్టుకతో కాక అంతకు ముందే ఆరంభమవుతుందని, ఆ జీవితానికి తల్లి శరీరమే తొలి ఆలయమని మన పూర్వులు భావించారు. ఆ ఆలయాన్ని ఎలా కాపాడుకోవాలన్నదే ఈ సంస్కారాల సారం.

నది పేరు చెప్పి చేసే సంస్కారం

తెలుగునాట పెక్కు కుటుంబాలు అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం సీమంతోన్నయనాన్ని తొలి గర్భానికి, నాలుగవ మాసంలో విధించింది. భర్త మూడు తెల్లని మచ్చలున్న ఏదుపంది ముల్లును, మూడు దర్భలను, పచ్చి మేడికాయల గుత్తిని కలిపి పట్టుకొని భార్య పాపటను నుదుటి నుండి పైకి తీస్తాడు. 'సీమంతం' అంటే పాపట. 'ఉన్నయనం' అంటే పైకి తీయడం. మేడిచెట్టు విరివిగా కాయలు కాచే చెట్టు కనుక సంతాన సమృద్ధికి గుర్తు.

తరువాత వీణ వాయించేవారిని ఇద్దరిని పాడమని కోరాలని సూత్రం చెబుతుంది. ఆ పాటలో ఆ దంపతులు ఏ నది ఒడ్డున నివసిస్తున్నారో ఆ నది పేరు చెప్పాలి. ఆశ్వలాయన గృహ్యసూత్రంలోనూ ఇదే విధి ఉన్నది. కోటిపల్లి వారైతే గౌతమిని, నరసాపురం వారైతే వసిష్ఠను, రాజమహేంద్రవరం వారైతే అఖండ గోదావరిని తలచుకోవాలన్నమాట. పుట్టబోయే బిడ్డకు తల్లిదండ్రుల గోత్రనామాలతో పాటు తాను త్రాగబోయే నీటి పేరు కూడా వినిపించాలన్న ఆ ఆలోచన ఎంతో గొప్పది.

చివరగా మొలకెత్తిన యవలను గర్భిణి తలకు కడతారు. ఆమె నక్షత్రాలు కనిపించే వరకు మౌనం పాటిస్తుంది. చుక్కలు పొడిచాక భర్త ఆమెను వెంటబెట్టుకొని తూర్పు దిక్కుకో ఉత్తర దిక్కుకో నడిచి, ఒక దూడను స్పృశించిన పిమ్మట మౌనం విడుస్తారు. ఈ క్రమాన్ని శ్రద్ధగా గమనించండి. ఒక పాట, కొంత మౌనం, సాయంవేళ ఇద్దరూ కలిసి నాలుగడుగులు నడవడం: ఇవే ఇందులోని ప్రధానాంశాలు. నేడు వైద్యులు గర్భిణికి చెప్పే విశ్రాంతి, తేలికైన నడక, మనశ్శాంతి కూడా ఇటువంటివే కదా!

పెద్ద ముత్తైదువుల మాట

ఆశ్వలాయనుడు మరొక మాట చెప్పాడు. భర్త, బిడ్డలు చల్లగా ఉన్న వృద్ధ స్త్రీలు ఏది చెబితే అది చేయవలసిందని ఆయన విధించాడు. మంత్రం పురోహితునిది, ఆచారం మాత్రం ఇంటి ఆడవారిది. అందుకే సీమంతంలో ఊరికొక పద్ధతి, ఇంటికొక పద్ధతి ఏర్పడింది.

మన డెల్టాలో అమ్మాయి నెల తప్పిందన్న కబురు అందగానే పుట్టింటివారు చలిమిడి చేసుకొని వస్తారు. తడి బియ్యప్పిండిని బెల్లపు పాకంలో కలిపి చేసే ఆ చలిమిడిని ఒడిలో పెట్టి, కడుపు చల్లగా ఉండాలని దీవిస్తారు. ఆ పైన అయిదవ నెలలోనో ఏడవ నెలలోనో సూడిదలు తెస్తారు. గాజులు తొడుగుతారు. వ్యవహారంలో 'శ్రీమంతం' అని పిలుచుకునే ఈ వేడుక తరువాత అమ్మాయిని పురిటికి పుట్టింటికి తీసుకువెళతారు. సూత్రం నాలుగవ మాసం అన్నా, బేసి నెలలలో చేయడం కుటుంబాచారమైతే అలాగే చేయవచ్చును. ఆచారం పాటించడంలో దోషం లేదు. అయితే ఆ వేడుక గర్భిణి కోసమే జరుగుతున్నదన్న సంగతి మరచిపోకూడదు.

దోహదం అనే మాట

వేవిళ్ళ కాలంలో స్త్రీకి కలిగే కోరికలను సంస్కృతంలో దోహదం అంటారు. సుశ్రుత సంహిత శారీరస్థానంలో నాలుగవ మాసంలో గర్భస్థ శిశువు హృదయం వ్యక్తమవుతుందని, అందుచేత గర్భిణి రెండు హృదయాలు కలిగినదవుతుందని చెప్పబడినది. అటువంటి స్త్రీ కోరికను నిరాకరిస్తే బిడ్డకు హాని అని హెచ్చరిక కూడా ఉన్నది. యాజ్ఞవల్క్య స్మృతి కూడా ఈ విషయాన్నే బలపరచింది.

మన భాషలో నేడు 'దోహదం' అంటే సహాయం, తోడ్పాటు అనే అర్థం స్థిరపడింది. 'ఊరి అభివృద్ధికి దోహదం చేశారు' అంటాం. గర్భిణి కోరిక అనే అర్థం నుండి ఈ మాట తోడ్పాటు అనే అర్థానికి నడిచి వచ్చింది. కోరికకూ తోడ్పాటుకూ మధ్య ఉన్న దూరాన్ని తెలుగువారి నాలుకే చెరిపివేసింది.

కోరిక అనగానే ఆత్రేయపురం పూతరేకులో, తాపేశ్వరం కాజాలో తెచ్చిపెట్టడమే అనుకోనవసరం లేదు. దబ్బకాయ పులిహోర తినాలనిపించవచ్చు. అమ్మతో ఒక గంట మాట్లాడాలనిపించవచ్చు. వంటింటి పోపు వాసన పడక ఒక పూట పొయ్యి దగ్గరకు వెళ్ళకుండా ఉండాలనిపించవచ్చు. ఈ చివరి కోరికను చాలా ఇళ్ళలో ఎవరూ అడగరు. ఆమె కూడా చెప్పదు. అడగడం భర్త ధర్మం.

భర్త పాటించవలసినవి

గర్భిణీపతికి ధర్మశాస్త్ర నిబంధనకారులు కొన్ని నియమాలు ఏర్పరచారు. క్షౌరం మానడం, దూర తీర్థయాత్రలకు వెళ్ళకపోవడం, శ్రాద్ధ భోజనం చేయకపోవడం వాటిలో ముఖ్యమైనవి. మన ఇళ్ళలో వీటికి కొత్త ఇల్లు కట్టరాదు, కొబ్బరికాయ కొట్టరాదు వంటివి చేరాయి. ఈ నియమాలలో పెక్కింటిని కలిపి చూస్తే వాటి ఉద్దేశం బోధపడుతుంది. భార్య కడుపుతో ఉన్నప్పుడు భర్త పెద్ద పనులు తలకెత్తుకోకుండా, ఊరు విడిచి వెళ్ళకుండా ఇంటిపట్టున ఉండాలి.

నేడు కోనసీమ నుండి ఎందరో యువకులు హైదరాబాదులోనో, గల్ఫ్ దేశాలలోనో ఉద్యోగాలు చేస్తున్నారు. వారందరూ ఇంటిపట్టున ఉండడం సాధ్యం కాదు. అయినా నియమం వెనుకనున్న భావాన్ని పాటించవచ్చును. ప్రతి దినమూ ఒక నిర్ణీత సమయానికి ఫోను చేసి, "భోంచేశావా, మాత్ర వేసుకున్నావా, బిడ్డ కదిలిందా?" అని అడగడం కూడా వ్రతమే. గడ్డం పెంచి, కబురు మరచిన భర్త కంటే, క్షౌరం చేయించుకొని కబురు మరువని భర్తే గర్భిణీపతి ధర్మాన్ని నిలుపుకున్నవాడు.

అన్నం ఎవరికి ముందు?

ఇప్పుడు ఈ పాఠంలో అన్నింటికన్నా ముఖ్యమైన విషయానికి వస్తున్నాను. గృహస్థు అతిథులను ఆదరించిన తరువాతనే తాను భుజించాలని మనకు తెలుసు. ఆ అతిథుల కంటే కూడా ముందుగా, ఏమాత్రం సంకోచించకుండా అన్నం పెట్టవలసినవారు కొందరున్నారని మనుస్మృతి మూడవ అధ్యాయం చెబుతుంది. కొత్త కోడళ్ళు, చిన్న పిల్లలు, రోగులు, గర్భిణులు ఆ వరుసలోనివారు. ఆపస్తంబ ధర్మసూత్రం కూడా గృహస్థు తినకముందే అన్నం పెట్టవలసినవారిలో గర్భిణిని చేర్చింది. అంతేకాదు, రెండు నెలలు దాటిన గర్భిణి నుండి పడవ రేవులో సుంకం తీసుకోరాదని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలో ఉన్నది. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య పంటు ఎక్కి వసిష్ఠను దాటే మన ప్రాంతంవారు ఈ మాటను ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది.

శాస్త్రం ఇలా ఉండగా మన ఇళ్ళలో ఏమి జరుగుతున్నది? మగవారు తిని, పిల్లలు తిని, అత్తమామలు తిన్నాక, గిన్నె అడుగున మిగిలినది కోడలు తినడం మర్యాదగా చలామణి అవుతున్నది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణులలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్లు తేలింది. రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే గర్భిణికి రక్తహీనత ఉన్నట్లు వైద్యులు లెక్కిస్తారు. కాన్పు సమయంలో రక్తస్రావం జరిగితే రక్తం తక్కువగా ఉన్న తల్లి తట్టుకోలేదు. అన్నపూర్ణ అని పేరు పొందిన డెల్టాలో ఇది మనకు సిగ్గుచేటు.

మా బంధువర్గంలో ఒక జంట ఉదంతం చెబుతాను. అబ్బాయి అమలాపురం దగ్గర కొబ్బరి వ్యాపారం చూసుకుంటాడు. అమ్మాయి ఇంటివద్ద కుట్టుపని చేస్తుంది. ఏడవ నెలలో సీమంతం కల్యాణమండపంలో చేయాలని, మూడు వందల మందిని పిలవాలని ఇరువైపుల పెద్దలు నిశ్చయించారు. ఆ వారంలోనే చేయించిన పరీక్షలో అమ్మాయికి హిమోగ్లోబిన్ 8 అని వచ్చింది. వైద్యురాలు ఐరన్ ఇంజెక్షన్లు వ్రాసి, విశ్రాంతి అవసరమని చెప్పారు. ఆ సాయంకాలం అబ్బాయి నా వద్దకు వచ్చి, "మావయ్యగారూ, మండపానికి బయానా ఇచ్చేశామండి. ఇప్పుడు మానేస్తే అపశకునం అంటున్నారు. ఏం చేయమంటారు?" అని అడిగాడు.

సీమంతం మానవద్దని, మండపం మానవచ్చునని చెప్పాను. సూత్రంలో మూడు వందల మంది లేరు. భర్త, భార్య, ఇద్దరు గాయకులు, పెద్ద ముత్తైదువులు మాత్రమే ఉన్నారని వివరించాను. అబ్బాయి తల్లి మొదట నొచ్చుకున్నారు. "ఊళ్ళో అందరి ఇళ్ళలో భోజనం చేసి వచ్చామండి. ఇప్పుడు మనం పిలవకపోతే ఎలా?" అన్నారు. ఆమె మాటలో కూడా న్యాయం ఉన్నది. పల్లెటూరిలో భోజనం అనేది ఋణం. అందుచేత ఆ విందును బారసాలకు వాయిదా వేయమని సూచించాను. ఆమె ఒప్పుకొని, తానే ముందుండి అయిదుగురు ముత్తైదువులతో ఇంటిలో సీమంతం జరిపించారు. ఆ రోజు మొదలు కోడలికి తొలి విస్తరి వేయించారు. తోటకూర పప్పు, మునగాకు, నువ్వుల ఉండ, గుడ్డు, నిమ్మకాయ పిండిన అన్నం క్రమం తప్పక పెట్టారు. అన్నం తిన్న వెంటనే టీ త్రాగే అలవాటును మాన్పించారు. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదని వైద్యురాలు చెప్పారట. తొమ్మిదవ నెలకు హిమోగ్లోబిన్ 10 దాటింది. కాన్పు సుఖంగా జరిగింది.

వ్రతకథలోని ఆడబిడ్డ

ఆ దంపతులకు పుట్టినది ఆడపిల్ల. చూడవచ్చిన ఒకరిద్దరు, "పోనీలెండి, ఈసారి మగపిల్లాడు పుడతాడు" అని ఓదార్చబోయారు. ఈ ఓదార్పు మన ప్రాంతంలో తరచు వినబడుతుంది. ఇలా అనేవారు అన్నవరం సత్యదేవుని వ్రతం ఎన్నిసార్లు చేయించుకున్నా, ఆ కథను సావధానంగా వినలేదని నా అభిప్రాయం.

1891లో రత్నగిరిపై స్వామి వెలసిన నాటి నుండి మన జిల్లాలలో ఆ వ్రతం చేయని ఇల్లు అరుదు. కథలో సాధువు అనే వైశ్యుడు సంతానం లేక, బిడ్డ పుడితే వ్రతం చేస్తానని మ్రొక్కుకుంటాడు. అతని భార్య లీలావతి గర్భవతియై బిడ్డను ప్రసవిస్తుంది. స్వామి అనుగ్రహించిన ఆ బిడ్డ ఎవరు? కళావతి అనే ఆడపిల్ల! మ్రొక్కుకు ప్రతిఫలంగా దేవుడు ఇచ్చినది కుమార్తెను. ఆమె పుట్టుకను చూసి ఆ దంపతులు విచారించినట్లు కథలో లేదు. వారికి తరువాత వచ్చిన కష్టాలన్నీ పెళ్ళినాడు చేస్తాను, రేపు చేస్తాను అని తండ్రి మాట తప్పడం వలన వచ్చినవే కాని ఆడపిల్ల పుట్టడం వలన వచ్చినవి కావు.

పుంసవనం అనే పేరును చూపి, మగబిడ్డ కోసం మందులు, మంత్రాలు ఉన్నాయని చెప్పేవారిని నమ్మవద్దని భక్తులను కోరుతున్నాను. బిడ్డ ఆడో మగో గర్భం నిలిచిన క్షణంలోనే నిర్ణయమైపోతుంది. తండ్రి బీజమే అందుకు కారణం. తల్లిని నిందించడం అజ్ఞానం. స్కానింగులో లింగం అడగడం, చెప్పడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం కూడా. సంకల్పంలో 'సుఖప్రసవ సిద్ధ్యర్థం' అని చెప్పుకుంటే చాలును.

గర్భంలో బిడ్డ వినేది

హిరణ్యకశిపుడు తపస్సుకు వెళ్ళిన వేళ గర్భవతియైన కయాధువును ఇంద్రుడు పట్టుకుపోతుండగా నారద మహర్షి విడిపించి, తన ఆశ్రమంలో ఆశ్రయమిచ్చాడని భాగవతం సప్తమస్కంధం చెబుతుంది. అక్కడ ఆయన చెప్పిన ధర్మాన్ని కడుపులోని ప్రహ్లాదుడు విన్నాడు. అభిమన్యుడు పద్మవ్యూహ ప్రవేశాన్ని ఇలాగే విన్నాడని లోకంలో ప్రసిద్ధి. గర్భస్థ శిశువుకు అయిదారు నెలలు నిండేసరికి వినికిడి ఏర్పడుతుందని, పుట్టిన బిడ్డ తల్లి గొంతును గుర్తుపడుతుందని ఆధునిక శాస్త్రజ్ఞులు కూడా నిర్ధారించారు.

ఈ కథను చెప్పేటప్పుడు గర్భిణి చేత ఏయే స్తోత్రాలు చదివించాలన్న విషయమే ఎక్కువగా చర్చిస్తాం. నారదుడు మొదట చేసినది ఆమెకు భయం లేని చోటు కల్పించడం. ఉత్తరకాండలో సీతమ్మ తన గర్భకాలపు కోరికగా గంగాతీర ఆశ్రమాలను చూడాలనుకొని, అదే నెపంగా అడవిలో విడువబడింది. ఆమెకు వాల్మీకి ఆశ్రయమిచ్చాడు. ఇద్దరు గర్భిణులకు ఇద్దరు ఋషులు నీడనిచ్చిన పిమ్మటనే ప్రహ్లాదుడు, కుశలవులు లోకానికి దక్కారు. ఇంటిలో అరుపులు, త్రాగి వచ్చి చేసే రభస, కట్నపు దెప్పిపొడుపులు ఉన్నచోట సహస్రనామ పారాయణ ఒక్కటే చాలదు.

యాత్రికులకు, దాతలకు సూచనలు

గర్భిణులు కఠిన ఉపవాసాలు చేయనవసరం లేదు. బాలురకు, వృద్ధులకు, రోగులకు శాస్త్రం ఇచ్చిన సడలింపును పెద్దలు గర్భిణికీ వర్తింపజేస్తారు. గ్రహణ సమయంలోనూ నీరు, మందులు మానరాదు. మెట్లు ఎక్కే మ్రొక్కును బిడ్డ పుట్టాక తీర్చుకోవచ్చును. అన్నవరం కొండపైకి వాహనాల దారి ఉన్నది. భర్త కొబ్బరికాయ కొట్టరాదన్న ఆచారం ఉన్న ఇంటివారు మరొకరి చేత కొట్టిస్తే పూజకు లోపం రాదు.

ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రతి నెల 9వ తేదీన గర్భిణులకు ఉచిత పరీక్షలు జరిపే కార్యక్రమం 2016 నుండి నడుస్తున్నది. మూడు నెలలు నిండాక ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు దినానికి ఒకటి చొప్పున కనీసం 180 రోజులు వాడాలి. అంగన్‌వాడీలో పేరు నమోదు చేయించుకోవడం నామోషీ కాదు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం వాపు, రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం వీటిలో ఏది కనిపించినా ముహూర్తం చూడకుండా 108కి ఫోను చేయాలి. లంక గ్రామాలవారు శ్రావణ భాద్రపదాలలో నెలలు నిండే అమ్మాయిని వరద రాకముందే గట్టుకు ఇవతల బంధువుల ఇంటికి చేర్చాలి. 1986, 2022 వరదలను చూసిన మనకు ఈ జాగ్రత్త గురించి వేరే చెప్పనక్కరలేదు.

దాతలకు ఒక విన్నపం. లంకల గన్నవరంలో వేళాపాళా చూడక ఆకలిగొన్నవారికి వండి వడ్డించిన డొక్కా సీతమ్మగారు పుట్టిన నేల ఇది. అన్నదానానికి మీరిచ్చే ప్రతి రూపాయిలో గర్భిణికి కూడా భాగం ఉన్నది. అన్నదాన సత్రంలో గానీ, దర్శనం వరుసలో గానీ కడుపుతో ఉన్న తల్లి కనిపిస్తే ఆమెను ముందుకు పంపండి. అది మీరు చేసే దయ కాదు. శాస్త్రం ఆమెకు ఇచ్చిన స్థానం.

ఈ మాసం తమ తొలి బిడ్డ కోసం ఎదురుచూస్తున్న దంపతులందరికీ స్వామి సుఖప్రసవాన్ని, ఆయురారోగ్యాలు గల బిడ్డను అనుగ్రహించుగాక! వచ్చే మాసం జాతకర్మ, నామకరణ సంస్కారాలను గురించి తెలుసుకుందాం.

స్వస్తి.